చేతిపట్టు కడ్డీ సన్నబడితే పెట్టె బాగుపడినట్టేనా?

ఒక పాత అమెరికన్ మోడల్ గూడ్స్ పెట్టె, అంటే అసలు రైలు పెట్టెకు చిన్న నమూనా, మీ చేతికొచ్చిందనుకుందాం. ఏథర్న్ కంపెనీ నీలం అట్టపెట్టెల్లో దశాబ్దాల పాటు అమ్మిన ప్లాస్టిక్ బాక్స్‌కార్ (నాలుగు వైపులా గోడలు, పైకప్పు ఉన్న సరుకుల పెట్టె) లాంటిది. దూరం నుంచి చూస్తే ముచ్చటగానే ఉంటుంది. దగ్గరికి తెచ్చి చూస్తే, గోడ మీది నిచ్చెన నిచ్చెన కాదు, గోడలోంచి పొడుచుకొచ్చిన గీతలు. చేతిపట్టు కడ్డీల వెనక ఖాళీ లేదు. కింద వేలాడాల్సిన మెట్టు చెక్కముక్కంత లావుగా ఉంది. సరే, వీటి బదులు లోహపు ముక్కలు కొందామని వెతికితే తల తిరుగుతుంది. ఇత్తడి తీగ, ఫాస్ఫర్ బ్రాంజ్ తీగ, స్టెయిన్‌లెస్ స్టీలు జాలీ, వైట్ మెటల్ పోత, ఎచ్చింగ్ రేకు ఉంటాయి. వీటికి తోడు "ఇంకా లోహం ఎందుకండీ, త్రీడీ ప్రింటర్లో తీసేయండి" అనే వాళ్లూ ఉంటారు.

ఈ గందరగోళానికి మూలం ముక్కల్లో కన్నా "మెరుగు" అనే మాటలో ఎక్కువగా ఉంది. ఒకరికి మెరుగంటే కొలత: అసలు పెట్టె మీది కడ్డీ ఎంత సన్నమో దీని మీదా అంతే ఉండాలి. ఇంకొకరికి రూపం: అసలైన దానిలా కనిపిస్తే చాలు. మూడో వారికి మన్నిక: పట్టుకుంటే విరగకూడదు, రంగు లేవకూడదు, రైలు తిరుగుతూ ఉండాలి. ఈ మూడూ ఒకదాని కాళ్లకు ఒకటి అడ్డం పడతాయి. ఏ లోహం మంచిదన్న వాదన దాదాపు ఎప్పుడూ ఈ మూడింట్లో దేని గురించి మాట్లాడుతున్నామో చెప్పుకోకపోవడం వల్ల వచ్చేదే.

అమెరికాలో రైలు పెట్టెను "కార్" అంటారు. ఈ వ్యాసంలో కారన్నా, పెట్టె అన్నా అదే.

అసలు ఆ కడ్డీలు అక్కడ ఎందుకున్నాయి

1893కి ముందు అమెరికన్ గూడ్స్ బళ్ల మీద పని చేయడం ప్రాణాలతో చెలగాటం. పెట్టెల్ని కలపడానికి లింకు, పిన్ను వాడేవాళ్లు. రెండు పెట్టెలు దగ్గరికొస్తుంటే వాటి మధ్యన నిలబడి చేత్తో పిన్ను దించాలి. యార్డు పనివాడికి వేళ్లన్నీ ఉన్నాయంటే కొత్తగా చేరాడని అర్థం. బ్రేకు వేయాలంటే నడుస్తున్న బండి పైకప్పు మీద నడుచుకుంటూ పోయి, పెట్టె పెట్టెకీ ఉన్న బ్రేకు చక్రాన్ని చేత్తో తిప్పాలి. చలికాలంలో ఆ పైకప్పు మీద మంచు పేరుకుని ఉండేది.

అయోవాకు చెందిన లొరెంజో కాఫిన్ లాంటి వాళ్లు ఏళ్ల తరబడి పోరాడాక, 1893 మార్చి 2న అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ సేఫ్టీ అప్లయన్స్ చట్టం మీద సంతకం చేశాడు. ఎయిర్ బ్రేకులు, వాటంతట అవే కలిసే కప్లర్లు, చేతిపట్టు కడ్డీలు తప్పనిసరి అయ్యాయి. ఆ తర్వాత 1910 నాటి చట్టం, 1911 నాటి ఆదేశం ఏ కడ్డీ ఎక్కడ, ఎంత లావు, గోడకు ఎంత దూరం అన్నది అంగుళాల్లో రాసిపెట్టాయి.

మోడల్ చేసేవాడికి ఇది నిధి. చేతిపట్టు కడ్డీని వాళ్లు గ్రాబ్ ఐరన్ అంటారు. అది కనీసం అంగుళంలో 5/8 వంతు లావుండాలి. లోపలి పొడవు మామూలుగా 16 అంగుళాలు, గోడకూ కడ్డీకీ మధ్య కనీసం 2 అంగుళాల ఖాళీ, వీలైతే రెండున్నర. పెట్టె అడుగున వేలాడే మెట్టు గుర్రపు జీను రికాబులా ఉంటుంది కాబట్టి దాన్ని స్టిరప్ అనీ, సిల్ స్టెప్ అనీ అంటారు. దాని పట్టీ అర అంగుళం మందం, అంగుళంన్నర వెడల్పుకు తగ్గకూడదు. కాలు పెట్టే చోటు కనీసం 10 అంగుళాలు.

అంటే ఒక ముక్క సరిగ్గా ఉందా లేదా అన్నది అభిరుచి సంగతి కాదు, చాలావరకు లెక్క. వేసి చూద్దాం.

87తో భాగిస్తే ఏం మిగులుతుంది

మోడల్ రైళ్లలో ప్రపంచంలో ఎక్కువ మంది వాడే కొలత హెచ్‌ఓ. అసలు బండిలో ఒక అడుగు ఇక్కడ 3.5 మి.మీ. అంటే 87.1వ వంతు.

5/8 అంగుళం అంటే 15.9 మి.మీ. దాన్ని 87.1తో భాగిస్తే 0.18 మి.మీ. హెచ్‌ఓ పెట్టె మీద చేతిపట్టు కడ్డీ నిజంగా ఉండాల్సిన లావు ఇదీ. వెంట్రుకకు రెండు మూడు రెట్ల లావు, అంతే.

ప్లాస్టిక్‌లో అచ్చు పోసిన కడ్డీ అర మిల్లీమీటరు ఉందనుకోండి. దాన్ని అసలు సైజుకు పెంచితే 44 మి.మీ. బోరింగు గొట్టం పట్టుకున్నట్టుంటుంది. ఇప్పుడు దుకాణాల్లో దొరికే తీగల్ని చూద్దాం. అంగుళంలో వెయ్యింట పదిహేను వంతుల తీగ 0.38 మి.మీ.; పెంచితే 33 మి.మీ. వెయ్యింట పన్నెండున్నర వంతుల తీగ 0.32 మి.మీ.; పెంచితే 28 మి.మీ. వెయ్యింట పది వంతులది 0.25 మి.మీ.; పెంచితే 22. ఎనిమిది వంతులది 0.2 మి.మీ.; పెంచితే 18కి కాస్త తక్కువ. చివరిది దాదాపు అసలు కడ్డీయే.

మరి అందరూ ఆ ఎనిమిది వంతుల తీగే ఎందుకు వాడరు? గుండ్రటి కడ్డీ వంగకుండా నిలబడే బిగువు దాని మందానికి నాలుగో ఘాతంలో మారుతుంది. మందం సగమైతే బిగువు పదహారో వంతుకు పడిపోతుంది. 12.5 తీగతో పోలిస్తే 10 తీగ బిగువు రెండున్నర రెట్లు తక్కువ. 8 తీగ బిగువు దాదాపు ఆరు రెట్లు తక్కువ. పెట్టెను పట్టాల మీద పెట్టేటప్పుడు మన వేళ్లు పడేది సరిగ్గా ఆ కడ్డీల మీదే. వేలు మాత్రం 87వ వంతుకు తగ్గలేదు కదా!

కాబట్టి చాలామంది 10 దగ్గరో, 12.5 దగ్గరో ఆగిపోతారు. టిచీ లాంటి కంపెనీలు అమ్మే వంచిన కడ్డీలు ఈ మందాల చుట్టూనే ఉంటాయి. కొలతలో పూర్తి నిజం కాదు. మన్నికలో పరవాలేదు. కంటికి మాత్రం పెద్ద తేడా, ఎందుకంటే కన్ను కడ్డీ లావు కన్నా ముందు దాని వెనక ఖాళీని చూస్తుంది. రెండున్నర అంగుళాల ఖాళీ హెచ్‌ఓలో 0.73 మి.మీ. ఆ సందులో పడే నీడే కడ్డీ గోడకు అంటుకుని లేదని కంటికి చెబుతుంది. నన్నడిగితే తీగ మందం కన్నా ఈ ఖాళీయే ముఖ్యం. 12.5 తీగను సరైన ఎడంలో పెడితే, గోడకు దాదాపు ఆనుకుని కూర్చున్న 8 తీగ కన్నా అసలుకు దగ్గరగా కనిపిస్తుంది. అనుభవమున్న వాళ్లు కడ్డీ కింద 0.75 మి.మీ. ప్లాస్టిక్ పట్టీ దూర్చి, జిగురు ఆరాక లాగేస్తారు. అన్ని కడ్డీలూ ఒకే ఎడంలో రావాలంటే అంతకు మించిన సాధనం లేదు.

మెట్టు లెక్క ఇంకా తేటగా ఉంటుంది. అర అంగుళం మందం హెచ్‌ఓలో 0.15 మి.మీ., వెడల్పు 0.44. ఈ మందంలో ప్లాస్టిక్ మెట్టు పోస్తే అట్టపెట్టెలోంచి తీసేలోపే విరుగుతుంది. అచ్చు పోసిన మెట్లు లావుగా ఉండటానికి కారణం కంపెనీ బద్ధకం కాదు, ప్లాస్టిక్ స్వభావం. పెట్టె కింద వేలాడుతూ అన్నిటికన్నా ముందు దెబ్బ తినేది కూడా మెట్టే. కొలత, రూపం, మన్నిక మూడూ ఒక్కసారే లోహం వైపు మొగ్గే అరుదైన చోటు ఇది. ఏ-లైన్ కంపెనీ లోహపు మెట్లు ఇన్నేళ్లుగా అమ్ముడవుతున్నాయంటే అందుకే.

"లోహం" ఒకటి కాదు

ఇత్తడి మనకు తెలిసిందే, రాగి, జింకు కలిసినది. తేలిగ్గా వంగుతుంది, టంకం చక్కగా పడుతుంది. చిక్కేమిటంటే వంగింది వంగినట్టే ఉండిపోతుంది. వేలు తగిలి సొట్టపడిన కడ్డీ దానంతటది లేవదు. ఫాస్ఫర్ బ్రాంజ్‌లో రాగి, తగరం, కొంచెం ఫాస్ఫరస్ ఉంటాయి. దానికి స్ప్రింగు గుణం ఎక్కువ. నొక్కితే తిరిగి పైకొస్తుంది. చేతిపట్టు కడ్డీలకూ, కప్లర్ విడదీసే లివర్లకూ దాన్నే ఎక్కువ మంది ఇష్టపడతారు. దానికి ఖరీదు కూడా ఉంది: మూల తిరిగే చోట పదునైన లంబకోణం రావడం కష్టం, స్ప్రింగు లాగేస్తుంది.

మామూలు ఉక్కు తీగ గట్టిదే కానీ తుప్పు పడుతుంది. పైగా అయస్కాంతానికి లొంగుతుంది. ఆ సంగతి తర్వాత చెప్పుకుందాం. స్టెయిన్‌లెస్ స్టీలు పలచటి రేకులో కూడా బిగువుగా నిలుస్తుంది. అందుకే పైకప్పు జాలీలకు వాడతారు. కానీ మామూలు టంకం దాని మీద నీటి బొట్టులా దొర్లిపోతుంది, ఘాటైన ఆమ్లపు ఫ్లక్సు (టంకం పట్టేలా లోహాన్ని శుభ్రం చేసే మందు) కావాలి.

నికెల్ సిల్వర్ పేరు విని వెండి అనుకునే వాళ్లున్నారు. అందులో వెండి చుక్క కూడా ఉండదు. రాగి, నికెల్, జింకు కలిసిన మిశ్రమం. మన పూజసామాను దుకాణాల్లో జర్మన్ సిల్వర్ పళ్లాలూ, కుంకుమ భరిణెలూ అని అమ్మేది ఈ కుటుంబపు లోహమే. బ్రిటిష్ ఎచ్చింగ్ కిట్లలో ఇది చాలా ఎక్కువ. ఇత్తడి కన్నా బిగువు, టంకం బాగా పడుతుంది, రంగు చెక్కుకుపోయినా పచ్చగా మెరవదు.

ఇక పోత లోహాలు. వైట్ మెటల్ అంటే తగరం ప్రధానంగా, ఆంటిమొనీతో, పాత ముక్కల్లో సీసంతో కూడా చేసిన మెత్తటి మిశ్రమం. బ్రేకు సిలిండర్ లాంటి దిట్టమైన ముక్కలకు బాగుంటుంది, సన్నటి కడ్డీలకు పనికిరాదు. జమాక్ వేరు. అది జింకులో అల్యూమినియం, మెగ్నీషియం, రాగి కలిపిన మిశ్రమం. జర్మన్ భాషలో ఆ నాలుగు లోహాల పేర్ల మొదటి అక్షరాలే ఆ పేరు. 1929లో న్యూజెర్సీ జింక్ కంపెనీ తయారు చేసింది. దానిలో సీసం లాంటి మలినం రవ్వంత చేరినా కొన్నేళ్లకు లోపలి నుంచే పగుళ్లు పట్టి, ఉబ్బి, పొడిపొడి అవుతుంది. దీన్ని జింక్ పెస్ట్ అంటారు. చెదపురుగు పట్టినట్టే కానీ మందు లేదు. పాత పోత పెట్టె మీద సాలెగూడు లాంటి సన్నటి పగుళ్లు కనిపిస్తే దాని మీద మంచి ఇత్తడి ముక్కలు పెట్టడం బూడిదలో పోసిన పన్నీరే.

తీగ, రేకు, పోత

ఒకే ఇత్తడి మూడు దారుల్లో ముక్కగా మారుతుంది, ఏ దారి అన్నదాన్ని బట్టి దాని రూపం ఉంటుంది.

గుండ్రటి వాటికి తీగ. అసలు కడ్డీ గుండ్రనిది, తీగా గుండ్రనిది, ఇక్కడ పేచీ లేదు.

ఎచ్చింగ్ అంటే పలచటి రేకు మీద కాంతికి స్పందించే పూత పూసి, బొమ్మ ముద్రించి, ఫెర్రిక్ క్లోరైడ్ లాంటి ద్రావణంలో అక్కర్లేని చోటును తినిపించడం. జాలీలకు ఇంతకు మించిన పద్ధతి లేదు. ఒక వైపు నుంచే సగం లోతు తినిపించిన గీత మడతకు దారి చూపిస్తుంది. మామూలుగా ఆ గాడి లోపలి వైపుకు వచ్చేలా మడుస్తారు. కానీ రేకు రేకే. చేతిపట్టు కడ్డీని ఎచ్చింగ్‌లో చేస్తే పక్కనుంచి చూసినప్పుడు బల్లపరుపు పట్టీలా కనిపిస్తుంది. అందుకే ఎచ్చింగ్ నిచ్చెన కొన్నవాళ్లలో కొందరు మెట్లు కత్తిరించేసి, వాటి చోట తీగలు టంకం పెడతారు. ఎదురుగా ఫొటో తీస్తే రెండింటికీ తేడా తెలియదు, పక్కకు తిప్పితే తెలుస్తుంది.

మూడోది మైనపు అచ్చు పోత. మైనంతో బొమ్మ చేసి, చుట్టూ మన్ను లాంటి అచ్చు కట్టి, మైనం కరిగించి తీసేసి, ఆ ఖాళీలో కరిగిన ఇత్తడి పోస్తారు. ఆదిలాబాద్ ఓజాలు డోక్రా బొమ్మలు చేసేదీ ఈ సూత్రంతోనే. కాల్-స్కేల్ లాంటి కంపెనీల బ్రేకు వాల్వులు, పైపుల జాయింట్లు ఇలా వచ్చినవే. నట్లు, బోల్టులు కూడా తేటగా పడతాయి.

ఎండాకాలంలో ఉబ్బే పైకప్పు

లోహం గురించి చాలామంది మర్చిపోయే సంగతి వేడి. పాత బాక్స్‌కార్ పైకప్పు మీద ఈ కొస నుంచి ఆ కొసకు ఒక నడక పలక ఉండేది, రన్నింగ్ బోర్డు. మొదట చెక్క, తర్వాత ఉక్కు జాలీ. ప్లాస్టిక్ పెట్టె మీద స్టెయిన్‌లెస్ ఎచ్చింగ్ జాలీ పెడితే పెట్టె రూపమే మారిపోతుంది. కళ్ల ముందు కనిపించే మార్పుల్లో ఇదే పెద్దది. ఎక్కువ గొడవ తెచ్చేదీ ఇదే.

డల్లాస్‌లో ఒక గ్యారేజీలో లేఔట్, అంటే మోడల్ రైళ్లు తిరిగే పట్టాల అమరిక, ఉందనుకుందాం. అక్కడ స్థిరపడిన మనవాళ్లకు ఈ హాబీ అంటుకుంటే గ్యారేజీయే గతి. చలికాలంలో 5 డిగ్రీలు, వేసవిలో 40. తేడా 35 డిగ్రీలు. 40 అడుగుల పెట్టె హెచ్‌ఓలో 140 మి.మీ. పాలిస్టైరీన్ ప్లాస్టిక్ డిగ్రీకి మీటరుకు సుమారు 70 మైక్రోమీటర్లు పెరుగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు సుమారు 17. లెక్క కడితే ప్లాస్టిక్ పైకప్పు 0.34 మి.మీ. మారుతుంది, జాలీ 0.08 మాత్రమే. తేడా 0.26 మి.మీ.

పావు మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. అక్కడే బోల్తా. జాలీని మండుటెండల్లో రెండు కొసలా బిగించి అతికించారనుకోండి. చలికాలంలో పైకప్పు ఎక్కువ కుంచించుకుంటుంది, జాలీ అంత కుంచించుకోదు. మిగిలిన ఆ పావు మిల్లీమీటరు పక్కకు పోలేక పైకి లేస్తుంది. 140 మి.మీ. పొడవున్న పట్టీలో 0.26 మి.మీ. మిగులు ఒకే విల్లుగా వంగితే, మధ్యలో ఎత్తు మూడున్నర మిల్లీమీటర్ల పైమాటే. అసలు పెట్టె మీద అది అడుగు పైన ఎత్తున్న మూపురం! మధ్యలో మూడు ఆసరాలకు కూడా అతికించి ఉంటే, నాలుగు ఖానాల్లో ఒక్కోటి 0.9 మి.మీ. దాకా లేవచ్చు. అప్పుడూ కెరటాల్లా కనిపిస్తుంది. చలిలో అతికిస్తే దీనికి తిరగేసి జరుగుతుంది: వేసవిలో పైకప్పు సాగుతుంది, జాలీ సాగనంటుంది, జిగురు పట్టు వదులుతుంది.

నేను మొదటిసారి ఇది చూసినప్పుడు రేకు నాసిరకం అనుకుని తిట్టుకున్నాను. రేకు తప్పేం లేదు, సూపర్ గ్లూతో ఈ చివర నుంచి ఆ చివర దాకా కదలకుండా కట్టేసిన నాదే తప్పు. సూపర్ గ్లూ ఆరాక గాజులా పెళుసు, సాగదు. అందుకే ఈ చోట కొందరు ఆరాక కూడా రబ్బరులా సాగే జిగురు వాడతారు. ఇంకొందరు మధ్యలో ఒక్కచోట గట్టిగా అతికించి, కొసల్ని జారేలా వదులుతారు. వేరే వాళ్లు ప్లాస్టిక్ జాలీయే చాలంటారు. కేడీ లాంటి కంపెనీల ప్లాస్టిక్ జాలీలు చాలా సన్నగా వస్తున్నాయి. అవి పైకప్పుతో పాటే పెరిగి తరుగుతాయి. కొలతలో లోహం గెలుస్తుంది, ఉష్ణోగ్రత అదుపులో లేని గదిలో ప్లాస్టిక్ గెలుస్తుంది. ఏసీ గదిలో ఈ వాదనే రాదు.

చేతిపట్టు కడ్డీకి ఈ బెడద లేదు. ఐదు మిల్లీమీటర్ల ముక్కలో తేడా వందో వంతు మిల్లీమీటరు. పొడుగు పెరిగే కొద్దీ సమస్య పెరుగుతుంది, అంతే.

టంకమా, జిగురా

ప్లాస్టిక్ పెట్టెకు లోహం అతకాలంటే జిగురే గతి. 80వ నంబరు డ్రిల్లుతో రంధ్రం వేసి, కడ్డీ కాళ్లు దూర్చి, లోపలి వైపు నుంచి చుక్క జిగురు పెడితే పట్టు బాగుంటుంది. ఆ డ్రిల్లు 0.34 మి.మీ., 0.32 తీగకు అతికినట్టు సరిపోతుంది. లోహానికి లోహం అతికేటప్పుడు మాత్రం టంకానికి సాటి లేదు.

ఇక్కడ ఒక చిక్కుముడి. వైట్ మెటల్ ముక్కను ఇత్తడికి అతకాలి. మామూలు సీసం తగరం టంకం 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది, టంకపు కొన దానికన్నా చాలా వేడి. ఆ వేడికి వైట్ మెటల్ ముక్కే కరిగి ముద్దవుతుంది. అందుకని 70 డిగ్రీలకే కరిగే టంకం ఉంది. మరిగే నీళ్లలో వేసినా కరిగిపోతుంది. కానీ అది ఇత్తడికి నేరుగా పట్టదు. ముందు ఇత్తడి మీద మామూలు టంకం పలచగా పూసి, దాని మీద ఈ చల్లటి టంకం పెట్టాలి.

ఇది మన అమ్మమ్మల కాలపు కళాయి పనే. వీధిలోకి వచ్చిన కళాయివాడు ఇత్తడి గిన్నెను వేడి చేసి, నవాసాగరం చల్లి, తగరం రుద్ది గుడ్డతో తుడిచేవాడు. నవాసాగరం ఇత్తడి మీది చిలుమును తినేసి తగరం పట్టేలా చేస్తుంది. మోడల్ చేసేవాళ్లు ఫ్లక్సు అనే దాని పని అదే. టంకానికి ముందు ఇత్తడి ముక్కను వెనిగర్‌లోనో, నిమ్మఉప్పు నీళ్లలోనో ముంచి కడగడం కూడా చింతపండుతో చెంబు తోమడం లాంటిదే. ఆమ్లం లోహాన్ని కొత్తగా చేస్తుంది. తేడా ఒక్కటే, ఇక్కడ కడిగాక వేలు తగలనివ్వకూడదు. వేలి జిడ్డు చాలు టంకం పట్టకపోవడానికి.

వంచేటప్పుడు పుటుక్కున విరిగే గట్టి ఇత్తడి తీగను మంట మీద మసక ఎరుపు దాకా కాల్చి చల్లారిస్తే మెత్తబడుతుంది. కంసాలికి ఇది కొత్త కాదు. ఉక్కును కాల్చి నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది కాబట్టి ఇత్తడీ అంతే అనుకుంటారు కొందరు. ఇత్తడిని నీళ్లలో ముంచినా మెత్తగానే ఉంటుంది. అలా మెత్తబడిన తీగ ఆ తర్వాత సొట్ట కూడా తేలిగ్గా పడుతుందన్నది వేరే సంగతి.

రంగు కూడా మందమే

ఇంత కష్టపడి 0.25 మి.మీ. తీగ తెచ్చి దాని మీద ప్రైమరు, రంగు, వార్నిషు కొడతాం. ఈ పూతలన్నీ కలిపి 25 మైక్రోమీటర్లే అనుకున్నా, చుట్టూ పడుతుంది కాబట్టి కడ్డీ 0.30 అవుతుంది. ఇరవై శాతం లావు. ఇంకాస్త ఉదారంగా బ్రష్షు వాడితే 12.5 తీగ దగ్గరికే వచ్చేస్తాం. సన్నటి తీగ కొనడం వల్ల వచ్చిన లాభం రంగు డబ్బాలో కలిసిపోయింది.

దీనికి జవాబుగా కొందరు రసాయనంతో నలుపు చేస్తారు. తుపాకీ గొట్టాలకు వాడే లాంటి ద్రావణాలు ఇత్తడిని నల్లబరుస్తాయి, మందం దాదాపు పెరగదు. ఆ మీద పలచటి రంగు ఒక పూత చాలు. తర్వాత ఎక్కడైనా చెక్కుకుపోయినా కింద నలుపు కనిపిస్తుంది తప్ప బంగారు చుక్క మెరవదు. వీటిలో చాలావాటిలో సెలీనియం సమ్మేళనాలు ఉంటాయి, విషం. కిటికీ తీసి, గ్లవ్స్ వేసుకుని చేసే పని. నియోల్యూబ్ అనే గ్రాఫైటు ద్రవం ఇంకో దారి, ఆరాక ముదురు బూడిద రంగులో ఉండిపోతుంది. ఇంకో వర్గం ఆమ్లపు గుణమున్న ఎచింగ్ ప్రైమరు తప్ప దేన్నీ నమ్మదు. పూత కాస్త మందమైనా పట్టు ముఖ్యమంటారు. తరచూ చేతుల్లోకి తీసుకునే పెట్టె అయితే వాళ్ల మాటే నిజం, అద్దాల బీరువాలో ఉండేదైతే నలుపు పద్ధతి.

మన్నిక కోసం తీసుకునే సాగే ప్లాస్టిక్ ముక్కలకు కూడా ఈ తలనొప్పి ఉంది. ఎసెటాల్ ప్లాస్టిక్ విరగదు, కానీ నూనె రాసినట్టు జారుగా ఉంటుంది. వంగిన ప్రతిసారీ రంగు పెచ్చులూడుతుంది.

కరెంటు, అయస్కాంతం

బొమ్మ పట్టాల్లో కరెంటు పారుతుంది. ఒక పట్టా నుంచి రెండో పట్టాకు ఏ లోహమైనా దారి కల్పిస్తే షార్టు. అందుకే చక్రాల జతలో ఒక పక్కనైనా ఇన్సులేషన్ ఉంటుంది. చక్రాల దగ్గర ప్లాస్టిక్ బ్రేకు కడ్డీ తీసేసి ఇత్తడిది పెడితే, మలుపులో అది రెండు వైపులా చక్రాలను తాకవచ్చు. పెట్టె నిలబడి ఉన్నంతసేపు ఏమీ కాదు, మలుపు తిరిగినప్పుడే మొత్తం లేఔట్ ఆగిపోతుంది. కారణం వెతకడానికి ఒక ఆదివారం పోతుంది.

అయస్కాంతం సంగతి ఇంకా తమాషా. కేడీ కప్లర్ కింద వేలాడే వంకర తీగ ఎయిర్ హోస్ గొట్టంలా కనిపిస్తుంది కానీ దాని అసలు పని పట్టాల మధ్యన ఉన్న అయస్కాంతానికి లొంగి కప్లర్ విడిపోయేలా చేయడం. అలాంటి చోట పెట్టెకు ఉక్కు తీగలు, ఉక్కు ఇరుసులు ఉంటే, తేలిగ్గా దొర్లే పెట్టె తనంతట తానే అయస్కాంతం వైపు కదులుతుంది. ఇత్తడికి, ఫాస్ఫర్ బ్రాంజ్‌కు ఆ బెడద లేదు. కొలతల ప్రియులు ఆ వంకర తీగ కత్తిరించేసి రబ్బరు గొట్టం పెడతారు, రూపం బాగుపడుతుంది, చేత్తో పుల్ల పెట్టి విడదీయాల్సి వస్తుంది. రెండూ కావాలంటే కుదరదు.

మూడు వర్గాలు, ముగ్గురిదీ కొంత నిజం

మొదటి వర్గం మూడడుగుల సూత్రాన్ని నమ్ముతుంది. మూడడుగుల దూరం నుంచి బాగుంటే బాగున్నట్టే. యాభై పెట్టెల గూడ్సు బండి కదులుతుంటే ఎవరూ కడ్డీల వెనక నీడ చూడరు. ఒక్కో పెట్టెకు కడ్డీలన్నీ మార్చడానికి పట్టే సాయంత్రాలను యాభైతో గుణించి చూడండి, వాళ్ల వాదన బలం తెలుస్తుంది.

రెండో వర్గం లోహాన్నే నమ్ముతుంది. జపాన్‌లో, తర్వాత కొరియాలో చేతితో తయారై అమెరికాకు దిగుమతైన ఇత్తడి మోడళ్ల కాలం నుంచి "ఇత్తడి" అన్న మాటకే ఒక గౌరవం ఉంది. కానీ ఆ గౌరవం కొన్నిసార్లు కళ్లు మూసేస్తుంది. లావుపాటి ఇత్తడి పోత కన్నా కొత్త ప్లాస్టిక్ బ్రేకు సెట్టు నాజూగ్గా ఉన్న సందర్భాలు బోలెడు. పైగా అది పెట్టె అడుగున ఉంటుంది, బండి పట్టాలు తప్పి పడిపోతే తప్ప ఎవరి కంటా పడదు.

మూడో వర్గం రెసిన్ (కాంతికి గట్టిపడే ద్రవ ప్లాస్టిక్) ప్రింటింగ్ వాళ్లది. వీళ్ల దగ్గర నిజంగా కొత్త సంగతి ఉంది: ఎవరూ అమ్మని ముక్కను, ఒక్క రైల్వే ఒక్క దశాబ్దంలో వాడిన బ్రేకు చక్రాన్ని, ఇంట్లోనే తీయొచ్చు. పోత ఇత్తడి, వైట్ మెటల్ చేసే పనిలో చాలా భాగం రెసిన్ తీసేసుకుంటోంది, అది న్యాయమే. కానీ సన్నటి కడ్డీ దగ్గరికొస్తే మళ్లీ పాత లెక్కే ఎదురవుతుంది. మామూలు రెసిన్ పెళుసు, 0.3 మి.మీ. కడ్డీ వేలు తగిలితే టక్కున విరుగుతుంది. తీగ వంగుతుంది, తిరిగి సరిచేయొచ్చు. అందుకే ఇప్పుడు చాలామంది కలిపి వాడుతున్నారు: దిట్టమైన ముక్కలు రెసిన్, సన్నటివి ఫాస్ఫర్ బ్రాంజ్ తీగ, మెట్లు లోహం.

ఏ ఏడాది పెట్టె?

కొలత, రూపం, మన్నిక అన్నీ చూసుకున్నా ఇంకో ప్రశ్న మిగులుతుంది. ఆ ముక్క అసలు ఆ పెట్టె మీద ఉండాలా? 1966 నుంచి అమెరికాలో కొత్త బాక్స్‌కార్లకు పైకప్పు నడక పలకలు ఆపేశారు. పైకి ఎక్కే పని లేదు కాబట్టి నిచ్చెనలు కూడా పొట్టివయ్యాయి, పాత పెట్టెల మీద ఉన్నవి క్రమంగా పీకేశారు. పైన మూతలు తెరిచి ధాన్యమో, సిమెంటో నింపే కవర్డ్ హాపర్లకు మాత్రం అవి ఇప్పటికీ ఉన్నాయి. బ్రేకులు కూడా అంతే. 1933లో వచ్చిన ఏబీ బ్రేకులో వాల్వు, రెండు గదుల రిజర్వాయరు (గాలి తొట్టి), సిలిండరు మూడూ వేర్వేరుగా వేలాడతాయి. అంతకు ముందరి కే రకానిది చాలా చోట్ల ఒకటే ముద్ద.

అలా 1980 నాటి రంగు, నంబరు ఉన్న కొత్త బాక్స్‌కార్ మీద నేను ఒకసారి స్టెయిన్‌లెస్ జాలీ చూశాను. ఆసరాలన్నీ తిన్నగా, ఎక్కడా ఉబ్బు లేకుండా, జిగురు మరక కనపడకుండా పెట్టారు. దాని పక్కనే పెట్టిన పెట్టె పైకప్పు ఖాళీగా ఉంది, పలక పీకేసిన చోట ఆసరా దిమ్మెలు మాత్రం మిగిలాయి. ఆ రెండో దానికి లోహపు ముక్క ఒక్కటీ కొనలేదట.